ఇంద్రమ్మ వండిన ఎల్లమాస

నారాయణఖేడ్‌లో జగన్నాథ్ పటేలు ఇంటికి ఒక కట్టడి ఉండేది. వచ్చిన మనిషి విస్తట్లో ఏముంటే ఇంటాయన విస్తట్లోనూ అదే ఉండాలి. ఒకటి ఎక్కువ కాకూడదు, ఒకటి తక్కువ కాకూడదు. జగన్నాథ్ తండ్రి ఒకసారి కల్హేర్‌లో చుట్టాలింటికి పోతే, ఆ ఇంటాయన తన పళ్లెంలో సన్నబియ్యం అన్నం పెట్టించుకుని, ఈయనకు మాత్రం జొన్న గట్క పెట్టించాడట. ఈయన నోరెత్తకుండా గట్క తిని, చెయ్యి కడుక్కుని, ఇంటికొచ్చి ఈ కట్టడి పెట్టాడు. కొడుక్కి ముప్పై ఎకరాలతో పాటు ఇదీ సంక్రమించింది. పొలం గట్టు జానెడు అటో ఇటో జరిగినా జగన్నాథ్ చూసీ చూడనట్టు పోయేవాడు కానీ, ఈ మాట మాత్రం ఇసుమంత కూడా జరగనిచ్చేవాడు కాదు.

కట్టడి మారకపోయినా వంట మారింది. బావికి మోటరు బిగించి, కందులు బాగా పండి, ఇల్లు మిద్దె అయ్యాక జొన్నరొట్టె ఆ వంటింట్లోంచి మెల్లగా జారుకుంది. అది కూలివాళ్ల తిండి అని ఎవరు తేల్చారో తెలియదు, అందరూ ఒప్పుకున్నారు. వచ్చినవాళ్లకు వనస్పతిలో వేయించిన పూరీలు, కొవ్వు తేలే మటన్, మీద ధారగా నెయ్యి. పొలంలో జరుపుకునే ఎల్లమాస పండుగక్కూడా బీదర్ నుంచి వంటాయన మూకుళ్లతో సహా దిగేవాడు. వంద మంది తినేవాళ్లు. జగన్నాథ్ ఇంటి భోజనమంటే నాగల్‌గిద్ద దాకా పేరు. ఆ పేరు వినపడినప్పుడల్లా ఆయన మీసం మీదికి చెయ్యి పోయేది. వినపడనప్పుడు కూడా పోయేదని ఇంద్రమ్మ నవ్వేది.

ఇంద్రమ్మ ఆయన భార్య. యాభై ఏళ్ల మనిషి, మాట తక్కువ, పట్టు ఎక్కువ.

పంతొమ్మిది వందల ఎనభై ఎనిమిదిలో, దసరా తెల్లారి, జగన్నాథ్ చేను గట్టు మీద ఎడమచెయ్యి పట్టుకుని కూలబడ్డాడు. ఒళ్లంతా చెమట. జీపులో వేసుకుని పట్నం పెద్ద దవాఖానకు తీసుకుపోయారు. గుండెపోటు అన్నారు. పన్నెండు రోజుల తర్వాత ఇంటికి పంపుతూ డాక్టరు ఇంద్రమ్మను పక్కకు పిలిచి చెప్పాడు. మందులు ఒక్క పూట కూడా ఆపకూడదు. ఉప్పు సగానికి సగం తగ్గించాలి. నెయ్యి, వనస్పతి, కొవ్వు మాంసం బంద్. ఆకుకూరలు, పప్పులు, ముడి ధాన్యం రొట్టెలు, పల్చటి మజ్జిగ, ఇవే నడవాలి. ఇంకోసారి వస్తే ఇక్కడిదాకా తీసుకొచ్చే సమయం ఉండకపోవచ్చమ్మా అన్నాడు ఆ డాక్టరు, చాలా మెల్లగా.

తిరిగొచ్చే దారిలో జగన్నాథ్ భార్య చెయ్యి తీసుకుని తన తల మీద పెట్టుకున్నాడు.

"ఊర్లె ఎవ్వరికి చెప్పొద్దు. నా మీద ఒట్టు. గ్యాస్ అని చెప్పు."

"ఎందుకు? రోగం దాచుకునేదా?"

"గుండె ఖరాబైందంటె జీతగాడు గూడ నా మాట లెక్కవెట్టడు. ఒట్టు వెయ్యి."

ఆమె వేసింది. అప్పుడే లేచిన మనిషితో వాదమెందుకని వేసింది. ఆ ఒట్టు తన నోటికి తాళమైపోతుందని అప్పుడామెకు తోచలేదు.

గ్యాస్ అని విన్న చుట్టాలు ఊరుకుంటారా. పట్నం తిండికి మనిషి చిక్కిపోయాడని జాలిపడి, పరామర్శకు వచ్చిన ప్రతివాళ్లూ ఓ నెయ్యి డబ్బా పట్టుకొచ్చారు. నెల తిరిగేసరికి వంటింట్లో తొమ్మిది డబ్బాలు. తెచ్చినవాళ్లకు భోజనం పెట్టకుండా పంపే ఇల్లా అది? వాళ్లకు పూరీలు పెడితే ఈయనకూ పూరీలే. ఇంద్రమ్మ ఈయన పళ్లెంలో మాత్రం పప్పు కట్టు, పుల్కా పెట్టి చూసింది. చుట్టం ముందు ఏమీ అనలేదు కానీ, పళ్లెం పక్కకు జరిపి చుట్టం తిన్నదే అడిగి పెట్టించుకున్నాడు.

"మా నాయిన పెట్టిన మాట నా కాలంల పోవద్దు" అన్నాడు తర్వాత.

"మాట ఉంటది, నువ్వుంటవా?" అని అడిగింది ఇంద్రమ్మ.

కార్తీకం వెళ్లాక ఒక మధ్యాహ్నం, తిని లేచిన మనిషి నాలుగడుగులు వేసి మంచం కోడు పట్టుకుని ఆగిపోయాడు. ఛాతీ మీద అరచెయ్యి. నాలుక కింద మాత్ర పెట్టాక పావుగంటకు తేరుకున్నాడు. ఆ పావుగంటలో ఇంద్రమ్మ మొక్కని దేవుడు లేడు. తేరుకున్న జగన్నాథ్ మొదట అడిగిన మాట, ఎల్లమాస ఇరవై రోజులే ఉంది, బీదర్ వంటాయనకు కబురు పోయిందా అని.

వంద మంది పూరీలు, మటన్ తింటారు. వాళ్లతో సమానంగా ఈయనా తింటాడు. ఒక్క పూటే కదా అంటాడు. ఆ ఒక్క పూటే ఇంద్రమ్మ దిగులు.

ఆ దిగులు ఎవరితోనూ చెప్పుకోలేక, ఒకనాడు కంది చేలో కూలికొచ్చిన భీమమ్మ పక్కన గట్టు మీద కూర్చుంది. భీమమ్మ సిర్గాపూర్ ఆడపడుచు. ఇరవై ఏళ్లుగా ఆ చేలోనే పని చేస్తోంది. బక్కపల్చటి మనిషి, నోరు మాత్రం బక్కది కాదు. ఇంద్రమ్మ జబ్బు మాట ఎత్తకుండా, తనకే ఒంట్లో బాగాలేనట్టు, డాక్టరు తినమన్నవన్నీ వరసగా చెప్పింది. భీమమ్మ మూట విప్పి అప్పుడే రొట్టె తుంచుతోంది. విని చెయ్యి ఆపేసింది.

"గిది చెప్పనీకి డాక్టరు కావాల్నా పటేలమ్మా? ఇగో, జొన్నరొట్టె. ఇగో, మెంతికూర పప్పు. అంబలి ముంతల ఉన్నది. మా ఇంట్ల దినాం తినేది గిదే."

ఇంద్రమ్మ ఆ మూట వైపే చూస్తూ కూర్చుంది. పెళ్లయి వచ్చిన కొత్తలో అత్త ఎల్లమాసకు ఏం వండేదో అప్పుడు గుర్తొచ్చింది. పూరీలు కాదు, మటన్ కాదు. సజ్జరొట్టె, అంబలి, భజ్జి. భజ్జి అంటే నూనెలో వేయించేది అనుకునేరు. ఆ కాలంలో చేలో దొరికే పచ్చి కంది గింజలు, శనగకాయలు, చిక్కుడు, మెంతికూర, ఉల్లికాడ, అన్నీ ఒకే కుండలో ఉడికించి, కాస్త శనగపిండి కలిపే కూర అది. ఎల్లమాసకు తినవలసిందే అది. డాక్టరు చెప్పిందీ అదే.

ఈయన అతిథి తిన్నదే తింటాడు. సరే, తిననీ. అయితే అతిథికి ఏం పెట్టాలో తేల్చేది ఎవరు?

ఆ ఆలోచన వచ్చాక ఇంద్రమ్మకు మొదట నవ్వొచ్చింది, ఆ తర్వాత భయమేసింది. ముప్పై ఏళ్ల పేరు. వంద మంది నోళ్లు. పిసినారి పెట్టింది అంటారు, కూలోళ్ల కూడు పెట్టింది అంటారు. అననీ అనుకుంది. పేరు పోతే తిరిగి తెచ్చుకోవచ్చు. మనిషి పోతే ఎక్కడి నుంచి తెస్తుంది? మర్నాడు పొద్దున్నే బస్సు డ్రైవరుతో బీదర్ వంటాయనకు కబురంపింది, ఈ ఏడు రావద్దని. జగన్నాథ్‌కు ఆ సంగతి చెప్పలేదు, అడిగితే కబురు పోయిందని మాత్రం అంది.

చిక్కల్లా ఉప్పు దగ్గర వచ్చింది. సగం ఉప్పుతో ఇంట్లో ఓ గిన్నెడు భజ్జి వండి చూస్తే చప్పిడి గడ్డిలా ఉంది. ఇది పెడితే నిజంగానే పరువు పోతుందని భీమమ్మకు చూపించింది. భీమమ్మ వేలితో నాకి, ఇంద్రమ్మను ఎగాదిగా చూసింది.

"ఉప్పు తక్కువైతె పులుపు వెయ్యాలె. చింతపండు కాదు. శనగ పులుపు. మీ చేన్లనే ఉన్నది, మీకే ఎరుక లేదు."

ఎల్లమాస నాడు తెల్లవారుజామున, పొగమంచులో, ఇద్దరూ శనగ చేలో దిగారు. శనగ ఆకు మీద పడే మంచు పుల్లగా ఉంటుంది. ఉతికిన తెల్ల గుడ్డను చెరో కొస పట్టుకుని, మొక్కల తలల మీదుగా మెల్లగా లాక్కుంటూ పోవాలి. సాలు దాటేసరికి గుడ్డ తడిసి బరువెక్కుతుంది. దాన్ని పిండాలి. ఇంద్రమ్మ ఇత్తడి గిన్నె ముందుకు పెట్టింది. భీమమ్మ దాన్ని పక్కకు నెట్టి మట్టి ముంత పెట్టింది.

"ఇత్తడికి పడది. ఇసం అయితది."

"నాకెట్ల తెలుస్తది?"

"తెల్వదనే గద నేనొచ్చిన" అంది భీమమ్మ. ఆ గొంతులో గర్వం దాచుకుందామన్నా దాగలేదు. ఇరవై ఏళ్లుగా ఇంద్రమ్మ చెప్పడం, భీమమ్మ చెయ్యడం. ఆ పొద్దు అది తిరగబడింది. ఇంద్రమ్మకు అది చిన్నతనమనిపించలేదు సరికదా, పక్కన ఇంత తెలిసిన మనిషిని పెట్టుకుని ఇన్నేళ్లు ఊరికే పొద్దు గడిపానే అని తన మీద తనకే కోపం వచ్చింది.

పది సాళ్లు నడిస్తే ముంత నిండింది. వేళ్లు కొంకర్లు పోయాయి. పొయ్యి రాళ్ల మీద పెద్ద కుండలెక్కించి, గానుగ కుసుమనూనె కొద్దిగా వేసి, వెల్లుల్లి వేయించి, ఏరుకొచ్చిన కూరలన్నీ పోశారు. దించాక శనగ పులుపు కలిపి ఇంద్రమ్మ రుచి చూసింది. నాలుక కింద నీళ్లూరాయి. ఉప్పు సంగతే గుర్తు రాలేదు. ముందురోజే కాచి పులియబెట్టిన జొన్న అంబలిలో పల్చటి మజ్జిగ, జీలకర్ర కలిపి, చల్లదనం పోకుండా కుండలను తడి మట్టిలో పాతారు. సజ్జరొట్టెలకు నువ్వులద్దారు. పక్కకు అవిసె గింజల పొడి.

ఎండ ఎక్కేసరికి జనం దిగారు, జగన్నాథూ వాళ్లతోనే వచ్చాడు. చేను నడుమ జొన్న చొప్పతో కట్టిన గూట్లో ఐదు రాళ్లు పెట్టి పూజ చేశారు. జగన్నాథ్ చేను చుట్టూ తిరిగి పొలి అనే నైవేద్యపు మెతుకులు చల్లి వచ్చాడు. విస్తర్లు పరిచారు. అక్కడ ఆనవాయితీ ఏమంటే, చేను గల ఆయన మొదటి బుక్క నోట్లో పెట్టేదాకా ఎవరూ ముట్టకూడదు. జగన్నాథ్ వరస మొదట్లో కూర్చున్నాడు. ఆయన పక్కనే నాగల్‌గిద్ద నుంచి వచ్చిన బావ మాణిక్యప్ప. జగన్నాథ్ అక్క భర్త. మెడలో గొలుసు, గొంతులో ఉరుము. ముగ్గురు స్నేహితులను, పదో నెయ్యి డబ్బాను వెంటబెట్టుకొచ్చాడు.

ఇంద్రమ్మ వడ్డించడం మొదలుపెట్టింది. సజ్జరొట్టె. భజ్జి. ముంతలో అంబలి. వరస మొదట్లోనే మాటలు ఆగిపోయాయి.

"ఏంది చెల్లె, గిది?" అన్నాడు మాణిక్యప్ప. "కూలోళ్ల బంతిల కూసున్నమా మేము?"

"బంతి ఒక్కటే అన్నా. అందరికి గిదే."

"బీదర్ వంటాయన ఏడి?"

"రావద్దని చెప్పిన."

"ఎందుకట్ల?"

నిజం నాలుక చివరి దాకా వచ్చింది. జగన్నాథ్ ముఖం ఎర్రబడి ఉంది. ఒట్టు గుర్తొచ్చింది. ఇంద్రమ్మ మింగేసింది.

"నాకు బుద్ధి పుట్టింది. ఎల్లమాసకు ఎల్లమాస తిండి పెడ్దమనుకున్న."

"నీకు బుద్ధి పుడితె మేము పస్తుండాల్నా? జగన్నాథ్ ఇంటి భోజనమని ముగ్గుర్ని ఎంబడి తెచ్చిన. గీళ్లకు ఏం జవాబు చెప్పాలె? పటేలు ఇల్లు ఎత్తిపోయిందా, లేకుంటె నీకు పిసినారితనం పట్టిందా?"

వంద మందీ వింటున్నారు. ముప్పై ఏళ్లలో ఆ ఇంట్లో ఎవరూ ఆమెను అట్లా అనలేదు. పొయ్యి దగ్గర భీమమ్మ లేచి నిలబడింది. ఏదో అనబోతుంటే ఇంద్రమ్మ చేత్తో ఆపింది.

"తప్పు నాదే అన్నా. గీయనకు ఏం తెల్వది. తిట్టేదుంటె నన్నే తిట్టు. కాని తిని తిట్టు."

"నాకద్దు" అని మాణిక్యప్ప విస్తరి మడిచాడు. వడ్డించిన విస్తరి మడిచి లేవడమంటే ఆ నేల మీద ఇంటిని కొట్టినట్టే. ఆయన లేస్తుంటే ముగ్గురు స్నేహితులూ సగం లేచి, ఎటూ కాకుండా వంగి ఉండిపోయారు.

ఇంద్రమ్మ గరిటె పట్టుకుని అట్లాగే నిలబడింది. ఏడుపు రాలేదు. పోనీ, పేరు పోయింది, ఇవాళ్టికి ఈయన బతికాడు అని మాత్రం అనుకుంది. అనుకుంటూ భర్త వైపు చూసింది. ఆయన తన విస్తట్లోని భజ్జి వైపు చూస్తున్నాడు. రొట్టె ముట్టలేదు. ఆయన కూడా లేస్తే ఇక ఈ చేలో మొహమెత్తుకుని తిరగలేననుకుంది.

"బావా, కూసో" అన్నాడు జగన్నాథ్. తలెత్తకుండానే అన్నాడు. "విస్తరి తెరువు."

"ఏం మొకం పెట్టుకొని కూసోవాలె?"

"నా మాట ఇని పో మరి. దసరకు నాకొచ్చింది గ్యాస్ కాదు. గుండెపోటు."

జగన్నాథ్ అప్పుడు తలెత్తాడు.

"పట్నంల పన్నెండు దినాలు మంచానికి అతుకుపొయి ఉన్న. చావు ఇంత దూరంలకు వచ్చి పొయింది. నెయ్యి ముట్టొద్దన్నరు, ఉప్పు తగ్గియ్యమన్నరు. మీకు చెప్పొద్దని గీమెతోని ఒట్టు వేయించుకున్న. గందుకె నువ్వన్న మాటలన్ని పడ్డది, ఒక్క జవాబియ్యలె. నేను మీరు తిన్నదే తింట, నా కట్టడి మీకెరుకనే. నన్ను మార్సలేక, మీ విస్తర్లు మార్సింది."

విస్తరి దగ్గరికి లాక్కున్నాడు.

"గిది నా ఇంటి భోజనమే. ఎన్నడు పెట్టిన దానికంటె గొప్పదే. తక్కువనిపించినోళ్లు లేవొచ్చు, నేనేం అనుకోను."

రొట్టె తుంచి, భజ్జిలో ముంచి, నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. ఇంకో ముక్క తుంచాడు. అది నోట్లోకి పోకముందే చెయ్యి ఆపి, పొయ్యి వైపు తిరిగి గట్టిగా అడిగాడు.

"గీ పులుపు ఎవలు తెచ్చిండ్రు? మా అవ్వ పోయినంక మళ్ల తినలె."

"భీమమ్మ తెచ్చింది" అంది ఇంద్రమ్మ.

"ఇట్లరా భీమమ్మా. బంతిల కూసో. పొయ్యి కాడ కాదు, ఈడ."

భీమమ్మ చేతులు చీరకు తుడుచుకుని, తలెత్తుకుని వచ్చి, పటేలు ఎదురు వరసలో కూర్చుంది. ఇంద్రమ్మే ఆమెకు విస్తరి వేసి వడ్డించింది. మాణిక్యప్ప ఇంకా నిలబడే ఉన్నాడు. ఆయన స్నేహితుల్లో ఇద్దరు అప్పటికే రొట్టె తుంచేశారు. ఒకాయన మీసాలకు అంబలి అంటింది. మాణిక్యప్ప మెల్లగా కూర్చుని, మడిచిన విస్తరి విప్పుకున్నాడు.

ఆ తర్వాత ఆకలి తన పని తాను చేసుకుపోయింది. మొదట మర్యాదకు తిన్నారు, తర్వాత రుచికి తిన్నారు. అంబలి కుండలు ఒకటొకటిగా మట్టిలోంచి బయటికొచ్చాయి. వేరే ఏళ్లలో మిగిలిన పూరీలు ఎడ్లకు వేసేవాళ్లు. ఆ ఏడు భజ్జి కుండ అడుగు గీకుతుంటే గరిటె చప్పుడు గట్టు దాకా వినపడింది. ఇంద్రమ్మకు తన కోసం ఒక్క రొట్టె కూడా మిగల్లేదు. ఆకలిగా ఉంది. అయినా ఆ ఖాళీ కుండలను చూస్తుంటే ఆమె కడుపు నిండిపోయింది. నేను పెట్టాను, వీళ్లు తిన్నారు, ఈయన బతికున్నాడు అని లోపల మూడు మాటలూ గట్టిగా అనుకుంది. ఆమె జీవితంలో ఎప్పుడూ అంతగా గర్వపడలేదు. గర్వపడినందుకు సిగ్గుపడలేదు కూడా.

చేతులు కడుక్కునే వంకతో మాణిక్యప్ప నీళ్ల బిందె దగ్గరికి వచ్చాడు. ఎవరూ దగ్గర్లో లేరని చూసుకున్నాడు. ఉరిమే గొంతు ఎక్కడికి పోయిందో, పిల్లి గొంతు వచ్చింది.

"చెల్లె, పట్నంల గా డాక్టరు ఎక్కడుంటడు?"

"ఎవలికి, అన్నా?"

ఆయన కడిగిన చేతుల మీదే మళ్లీ నీళ్లు పోసుకున్నాడు.

"నాకే. మిద్దె మెట్లెక్కితె ఎడమ భుజం గుంజుతుంది. చెమట పడ్తుంది. రెండు నెలల సంది. మీ ఆడబిడ్డకు గూడ చెప్పలె."

ఇంద్రమ్మ చేతిలో చెంబు ఆగిపోయింది. గంట కింద వంద మంది ముందు తనను పిసినారి అన్న మనిషి. ఆ మాట ఇంకా మండుతూనే ఉంది. ఆయన ముఖం చూస్తే నుదుటి మీద ఇప్పుడు కూడా సన్నగా చెమట. ఆ చలికాలంలో చెమట.

"నాలుగు గంటలకు పట్నం బస్సున్నది" అంది ఆమె. "పా."

"ఇయ్యాల్నా? పండుగ దినం. రేపు పోదమేమో."

"రేపనకు. నేను తీస్కపోత. నువ్వు నడవకు, బండి కట్టిస్త బస్టాండు దాక." కొంగు నడుముకు బిగించింది. "భీమమ్మా, కుండలు నువ్వు చూస్కో. నేను పొయ్యొస్త."

విస్తరి మడిచి లేచిన ఆ పెద్దమనిషి, అన్నీ ఆమెకే వదిలేసి, చెప్పిన చోట బండి ఎక్కి బుద్ధిగా కూర్చున్నాడు. జగన్నాథ్ ఎడ్లు కడుతూ భార్యను చూశాడు.

"నువ్వు తినలె గద" అన్నాడు.

"వచ్చి తింట" అంది ఇంద్రమ్మ. "నువ్వు మాత్రం పొద్దుమూకి మందు మర్వకు."

బండి కదిలి గట్టు ఎక్కింది. వెనక చేలో ఎవరో కొత్తవాళ్లు, ఇంత మంచి భోజనం ఎవరి ఇంటిదని అడుగుతున్నారు. జగన్నాథ్ గొంతు బండి దాకా స్పష్టంగా వినపడింది.

"ఇంద్రమ్మది."